వేలికి అందని తీరం

ఆ పెట్టెను కారులోంచి క్లాసులోకి మోసుకొచ్చింది డల్సీయే.

ఏప్రిల్ నెలాఖరు. బడి ముందు మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. చూపులేని పిల్లలకు సాయంగా రెండు వారాలకోసారి మంగళవారం పూట గాండర్ పట్నం నుంచి వచ్చే ఆన్‌స్టీ మిస్ ఎక్కడో జారి పడిందట, కుడిచేతికి కట్టు వేసుకొని వచ్చింది. కాస్త దీన్ని పట్టుకో తల్లీ, లోపల పగిలేవేమీ లేవుగానీ కింద మాత్రం పడేయకు అంది. పెట్టె అంత బరువుగా లేదు. అందులో ఏముందో ముందే తెలిసి ఉంటే గుమ్మం దగ్గర తన కాలు కూడా జారేదేమోనని డల్సీ తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతులు కలిపి ఒకటే గది. మొత్తం పదకొండు మంది. ఆన్‌స్టీ మిస్ పెట్టె విప్పి, రొట్టె కాల్చుకునే డబ్బాలాంటి మెషిన్ ఒకటి తీసి మధ్య బల్ల మీద పెట్టింది. ప్లగ్గు పెట్టి, ఎర్ర దీపం పచ్చగా మారేదాకా ఆగి, నల్లటి గీతలతో బొమ్మ వేసి ఉన్న కాగితాన్ని ఒకవైపు నుంచి లోపలికి నెట్టింది. కాగితం రెండోవైపు నుంచి మెల్లగా బయటికి వచ్చింది. గీతలున్న చోటల్లా కాగితం ఉబ్బి ఉంది. దోసిట్లో కోడిగుడ్డు పట్టుకున్నంత జాగ్రత్తగా మిస్ దాన్ని తెచ్చి జార్జీనా ముందు పెట్టింది.

జార్జీనాకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ పక్క కుర్చీ డల్సీది. మూడో తరగతి నుంచీ అంతే. ఆమె తడిమి చూసే మ్యాపులు ఇంట్లో చేసుకొచ్చేది డల్సీయే, ఏ మ్యాపు ముందుకు వచ్చినా ఆమె చూపుడువేలు పట్టుకొని, ఇదిగో ఇది తీరం, ఇదిగో ఇది నది అని చెబుతూ దాని మీద నడిపిస్తుంది. ఈసారి కూడా డల్సీ చేయి చాచింది. కానీ జార్జీనా రెండు చేతులూ అప్పటికే కాగితం మీద ఉన్నాయి.

"మేపుల్ ఆకు. కాడ ఇటుంది," అంది జార్జీనా. "అబ్బ, ఇంకా వేడిగా ఉంది మిస్."

క్లాసంతా బల్ల చుట్టూ మూగింది. ఆ వేడి తమక్కూడా కావాలన్నట్టు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ కాగితాన్ని తడిమారు. డల్సీ చాచిన చేతిని ఏం చేయాలో తెలియక బల్ల మీద లేని దుమ్మును తుడిచింది.

ఆ తర్వాత ఆన్‌స్టీ మిస్ చెప్పిన మాటలన్నీ మంచివే. ఇకమీదట జార్జీ కోసం విడిగా ఒక మ్యాపు, మిగతావాళ్లకు గోడ మీద ఒక మ్యాపు అనే పద్ధతి ఉండదంది. అందరి కళ్లకూ, అందరి వేళ్లకూ పనికొచ్చేది ఒక్కటే చేసి మధ్య బల్ల మీద పెడతారు, అక్కడికి వచ్చి అందరూ దాన్నే వాడతారు. డల్సీ పాపం ఇన్నేళ్లూ తన పాఠం వదులుకొని సాయం చేసింది, ఇప్పుడిక నిశ్చింతగా తన చదువు తాను చదువుకోవచ్చు, కిటికీ దగ్గర రెండో కుర్చీ అక్కర్లేదు అంది. క్లాసు చేత చప్పట్లు కూడా కొట్టించింది. చప్పట్లు ఆగాక డల్సీ తన కుర్చీని తానే ఎత్తుకొని వెనక వరసలోకి తీసుకెళ్లింది. ఈడిస్తే చప్పుడవుతుందని ఎత్తుకుంది.

ఆ కాగితానికి పనికొచ్చేలా కంప్యూటర్లో బొమ్మలు ఎవరు గీస్తారని మిస్ అడిగితే కోరా చేయెత్తింది. ఐస్ హాకీ ఆటలకు పోస్టర్లు గీసేది ఈ కోరానే. గట్టిగా మాట్లాడుతుంది, అంతకన్నా గట్టిగా నవ్వుతుంది. ఇంకో పావుగంటకల్లా కోరా తన కుర్చీ లాక్కొచ్చి జార్జీనా పక్కన వేసుకుంది. ఇప్పుడు రెండో కుర్చీ అక్కర్లేదని ఎవరూ అనలేదు. ఈ గీత చాలా, ఇంకా లావు చేయాలా అని అడుగుతోంది. జార్జీనా ఏదో చెబుతోంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. జార్జీనా నవ్వు డల్సీకి కొత్త కాదు. దాన్ని అంత దూరం నుంచి వినడమే కొత్త.

మధ్యాహ్నం క్లాసు టీచరు టోబిన్ సార్ వచ్చి శుక్రవారం పరీక్ష అన్నారు. మన అఖాతంలో జనం వదిలేసి వచ్చిన పాత రేవుల పాఠం మీద. కానీ ఈసారి రాసే పని లేదు. ఒక్కొక్కరూ మధ్య బల్ల దగ్గరికి రావాలి, సార్ అయిదు రేవుల పేర్లు చెబుతారు, మ్యాపు మీద వాటిని వేలితో చూపించి అక్కడివాళ్లు ఎక్కడికి తరలిపోయారో చెప్పాలి. అందరికీ ఒకటే మ్యాపు. పక్కన ఎవరూ నిలబడకూడదు. రాసే పని లేదని మగపిల్లలు సంతోషించారు. ఉబ్బే కాగితాలు ఈసారికి ఆరే తెచ్చానని, నేర్చుకోవడంలోనే నాలుగు అయిపోయాయని, ఉన్న రెండూ జాగ్రత్తగా వాడమని చెప్పి ఆన్‌స్టీ మిస్ వెళ్లిపోయింది.

*

బుధవారం భోజనాల వేళ కోరా కంప్యూటర్ ముందు కూర్చొని ఉంది. డల్సీ బెల్లపు పాకంతో చేసిన తన మొలాసిస్ రొట్టె చేత్తో పట్టుకొని, దాహమేసి నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్తున్నట్టుగా వెనక నుంచి నడిచింది. తెర మీద ఉన్నది చూసి ఆగిపోయింది. బొద్దుగా ఒక గీత, దాని పక్కన ఆరేడు గుండ్రటి మచ్చలు, కొన్ని చుక్కలు. చంటిపిల్ల గీసినట్టుంది. ఎన్నో ఒంపులున్న తీరం మొత్తం నున్నగా, బోసిగా అయిపోయింది.

మన జిగర్ కోవ్ దగ్గర తీరం లోపలికి వంగే ఒంపు ఎక్కడ అని అడిగింది డల్సీ. తనంతట తానుగా కోరాతో మాట్లాడటం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

"తీసేశా. జార్జీ తీసేయమంది. ఇవన్నీ ఉంటే అడ్డం పడతాయంట," అంది కోరా, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నీ మ్యాపుల్లో అయితే ప్రతి రాయికీ ఇంటిపేరుతో సహా పేరుంటుందనుకో."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. డల్సీ నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చేసింది.

జార్జీ అలా అని ఉండదు. కోరాకు గీయడం చేతకాక జార్జీ మీద పెడుతోంది. సాయంత్రం బూట్లు వేసుకునే చోట జార్జీనా దొరికితే, పరీక్షకు అంత బోసి మ్యాపేంటి అని అడిగేసింది. జార్జీనా లేసు ముడివేస్తూ ఒక్క క్షణం ఆగింది. బాగానే ఉందిలే డల్సీ అంది. ఆ వెంటనే, ఆ మెషిన్ దగ్గర కాలిన రబ్బరు వాసన వస్తుంది చూశావా అని మాట మార్చింది. ఇంతలో కోరా వచ్చి, రావే నిన్ను మా నాన్న బండిలో దింపేస్తాం అంది. జార్జీనా తెల్ల కర్ర మడిచి ఆమె వెంట వెళ్లింది. డల్సీని కూడా ఎక్కమన్నారు. డల్సీ నడుస్తానంది. దారి పొడుగునా, ఎక్కి ఉంటే ముగ్గురూ ఎలా కూర్చునేవాళ్లో, కోరాకూ జార్జీకీ మధ్య తాను ఎలా కూర్చుని ఉండేదో అనుకుంటూనే నడిచింది.

ఇంటికి రాగానే వంటింటి బల్ల మీది సామాను తీసేసింది. పాత రబ్బరు చాప పరిచి దాని మీద దళసరి కాగితం పెట్టింది. బామ్మ కుట్టుపెట్టెలోంచి పళ్ల చక్రం తీసింది, బట్ట మీద గుర్తులు పెట్టుకునేది. దాన్ని కాగితం వెనకవైపు నొక్కి నడిపితే ముందువైపు చుక్కలు లేస్తాయి. వెనక నుంచి చేస్తున్నది కాబట్టి తూర్పును పడమరగా, పడమరను తూర్పుగా గీయాలి. ఆ తిరకాసు బొమ్మ అద్దం సాయం లేకుండా గీయగలిగింది బడిలో డల్సీ ఒక్కతే. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

తీరంలోని ఒంపులన్నీ వేసింది. ఒక్కటి కూడా వదల్లేదు. కాగితం తిప్పి నేల ఉన్నచోట గరుకు కాగితం కత్తిరించి అంటించింది. తాత వల అల్లుకునే దారం అడిగి తెచ్చుకొని తీరం వెంబడి జిగురుతో అద్దింది. రేవులకు బియ్యపు గింజలు. సముద్రానికి నీలం రంగు, అడవికి ఆకుపచ్చ. పరీక్ష కాబట్టి రేవుల పేర్లు ఉండకూడదు. అందుకని ద్వీపాలకూ నీటిపాయలకూ మాత్రం బ్రెయిలీలో పేర్లు పొడిచింది. బ్రెయిలీ అక్షరాలు ఆమెకు బాగా వచ్చు. కిటికీ వెలుగులోకి కాగితాన్ని ఏటవాలుగా ఎత్తి పట్టుకొని, చుక్కల నీడలు చూసి తప్పులు దిద్దుకుంది.

గురువారం సాయంత్రానికి పూర్తయింది. తాత కళ్లజోడు పెట్టుకొని వచ్చి చాలాసేపు వంగి చూశాడు. ఆయన పుట్టింది స్పిల్లర్స్ రేవులో. ఇప్పుడక్కడ సమాధులు తప్ప ఏమీ లేవు. ఇక్కడో రాయి ఉండాలే, పోటు మీద కనపడదు, మా నాన్న పడవ తగిలిందక్కడే అన్నాడు. డల్సీ ఆ రాయి కూడా పెట్టింది. గాలిలో ఎగిరి చూసినట్టుంది అన్నాడు తాత. ఆ మాటకు డల్సీ ఆ రెండురోజుల్లో మొదటిసారి కడుపు నిండా తింది.

*

శుక్రవారం అందరికన్నా ముందు బడికి వెళ్లింది. కోరా మ్యాపు మధ్య బల్ల మీద అట్టల మధ్య భద్రంగా ఉంది. రెండు కాగితాల్లో ఒకటి గురువారమే పాడయిందట, ఇదొక్కటే మిగిలింది. డల్సీ దాన్ని తీసి తన పెద్ద అట్లాసు పుస్తకం మధ్యలో పెట్టి, పుస్తకాన్ని సంచిలో పెట్టింది. దొంగతనం అనుకోలేదు. ఈ ఒక్కపూటే అనుకుంది. సాయంత్రం తిరిగి పెట్టేస్తే సరిపోతుంది.

మ్యాపు కనపడక కోరా గదంతా తలకిందులు చేసింది. చెత్తబుట్ట కూడా బోర్లించింది. ఆమె ముఖం కందిపోయింది. టోబిన్ సార్ గడియారం చూసుకొని, ఇక పరీక్ష వాయిదా వేయాల్సిందే అంటుండగా, వెనక వరసలోంచి డల్సీ లేచి, నా దగ్గర ఒకటుంది సార్ అంది. సార్ రెండోసారి అడిగితేగాని వినపడలేదు.

బల్ల మీద పరిచిన మ్యాపును చూసి క్లాసు మొత్తం నోరెళ్లబెట్టింది. మన డల్సీ ఉండగా మనకేం లోటు అన్నారు సార్. కోరా కూడా వచ్చి చూసి, బాగా చేశావే అంది. ఆ మాటలో ఎకసెక్కమేమీ లేదు. డల్సీకి అది నచ్చలేదు. కోరా ఏడిస్తే బాగుండుననిపించింది. జార్జీనా మాత్రం తన బల్ల దగ్గరి నుంచి లేవలేదు. ఎవరి మ్యాపు అని అడిగింది. డల్సీది అన్నారెవరో. ఓహో అంది.

పేర్ల వరస ప్రకారం పిలిచారు. మొదటివాడు అయిదు రేవులూ గడగడా చూపించేశాడు. రెండో అమ్మాయి నాలుగు. ఒంపులు చూడగానే గుర్తొచ్చేస్తున్నాయి సార్ అని మూడోవాడు అన్నాడు. వెనక కుర్చీలో డల్సీ వీపు నిటారుగా అయింది. కోరా వంతులో ఒక రేవు తప్పింది. డల్సీ ఆ తప్పును మనసులో మళ్లీ ఒకసారి విని దాచుకుంది.

తర్వాత జార్జీనా లేచింది.

బల్ల అంచు దొరికించుకొని, రెండు చేతులూ మ్యాపు మీద పరిచింది. సార్ శామ్సన్స్ రేవు అన్నారు. జార్జీనా వేళ్లు దారం పట్టుకొని బయలుదేరాయి. మొదటి ఒంపులోకి దిగాయి, బయటికొచ్చాయి. రెండో ఒంపులోకి దిగాయి. అక్కడ దారం పక్కనే బ్రెయిలీ చుక్కలు, చుక్కల పక్కనే గరుకు కాగితం అంచు. వేళ్లు ఆగాయి, వెనక్కి వచ్చాయి, మళ్లీ మొదటి నుంచి బయలుదేరాయి. ఈసారి ఒక బియ్యపు గింజ తగిలింది. దాని పక్కన ఇంకోటి. తాత చెప్పిన రాయి తగిలితే అదీ రేవే అనుకొని ఆగాయి. ఇది కాదు అన్నట్టు ఆమె తల కొద్దిగా ఊగింది.

డల్సీ కుర్చీ అంచుకు వచ్చేసింది. ఇంకొంచెం ఎడమకు, ఇంకొంచెం కిందికి. ఆమె చూపుడువేలు తన తొడ మీద ఎడమకు జరిగింది. జార్జీనా వేలు కుడివైపుకు పోయింది. తాను ఎన్నడూ ఆ వేళ్లను ఒంటరిగా ఒక మ్యాపు మీద చూడలేదని డల్సీకి అప్పుడు తెలిసింది. ఎప్పుడూ ఒక వేలు తన చేతిలోనే ఉండేది. తాను చేసిన మ్యాపును తాను కూడా, కళ్లు మూసుకొని, ఒక్కసారైనా తడిమింది లేదు.

సార్ నెమ్మదిగా, తొందరేం లేదమ్మా అన్నారు. గదిలో అందరూ చూస్తున్నారు. జార్జీనా చేతులు తీసేసి వెనక్కి పెట్టుకుంది.

"నేను చదవలేదు సార్," అంది.

చదవలేదా అన్నారు సార్ ఆశ్చర్యంగా. జార్జీనా వాళ్ల నాయనమ్మది శామ్సన్స్ రేవే. ఇంటికి ఇంటినే పడవలకు కట్టి సముద్రం దాటించిన కథ పోయిన వారమే క్లాసులో చెప్పింది. సార్ కొంచెంసేపు చూసి, సరే కూర్చో అని, చేతిలోని కాగితం మీద ఆమె పేరు దగ్గర కలం ఆన్చారు.

డల్సీ సంచిలోంచి అట్లాసు తీసింది. లేచి నిలబడింది. వెనక వరస నుంచి మధ్య బల్లకు ఏడడుగులు. తన మ్యాపును పక్కకు తీసి, కోరా మ్యాపును ఆ స్థానంలో పెట్టింది.

"నేనే తీశాను సార్. పొద్దున."

సార్ కలం మూత పెట్టి, జార్జీనా, ఇంకోసారి చూడు అన్నారు.

వేళ్లు ఈసారి వెతకలేదు. సొంత వంటింట్లో చీకట్లో నడిచినట్టు నడిచాయి. శామ్సన్స్ రేవు ఇది. పిజన్ రేవు ఇది. స్పిల్లర్స్ రేవు ఇది, అక్కడివాళ్లలో సగంమంది మన ఊరికే వచ్చారు. అయిదూ అయిపోయాయి. ఆ బోసి గీత మీద ఆ వేళ్ల పరుగు చూస్తుంటే డల్సీకి సిగ్గుతో పాటు, ఆ సిగ్గును కూడా పక్కకు తోసుకుంటూ, అసూయే కలిగింది. ఒక గీత అంత తేలిగ్గా తన జార్జీని తీసుకెళ్లిపోతోంది.

*

సార్ మధ్యాహ్నమంతా డల్సీ చేత పుస్తకాల అర సర్దించారు, వాళ్లింటికి ఒక చీటీ రాసిచ్చారు. సాయంత్రం బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర జార్జీనా కర్ర విప్పుకొని నిలబడి ఉంది. కోరా వాళ్ల బండి వెళ్లిపోయింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. చేపల గోదాము దాటాక డల్సీ నోరు విప్పింది. అర్థం కావట్లేదని ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అంది.

"చెప్తే ఏం చేసేదానివి?"

"వేరేగా చేసేదాన్ని."

"అలిగేదానివి," అంది జార్జీనా. "నువ్వు అలిగితే మ్యాపు చేసేదెవరే నాకు? బోర్డు మీద రాసింది చదివేదెవరు? నీకు కోపమొస్తే ఇంటికెళ్లి పడుకుంటావు. నాకు కోపమొస్తే ఆ వారం పాఠం పోతుంది. అందుకే నాకు రాలేదు. ఆరేళ్లు కోపమే రాలేదు నాకు, చూడు."

"ఇప్పుడొచ్చిందా?"

"బాగా వచ్చింది. నా మ్యాపు దొంగిలించావు."

"అది కోరాది."

"నాది. ఏ గీత ఉండాలో ఏది తీసేయాలో ఒక్కొక్కటీ నేను చెప్పి చేయించుకున్నా. నా జన్మలో అదే మొదటి మ్యాపు, నాది అని. దాన్ని తీసుకెళ్లి నీ సంచిలో పెట్టుకున్నావు."

డల్సీ సంచిని ఇంకో భుజానికి మార్చుకుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, కోరాతో అంత నవ్వేం నవ్వావు అంది. అన్నాక ఎంత చిన్నమాటో తనకే తెలిసింది.

కోరా జోకులేస్తుంది, నవ్వుతాను అంది జార్జీనా. నువ్వు ఎప్పుడైనా ఒక్క జోకు వేశావా, వేలు పట్టుకొని ఇదిగో ఇది, అదిగో అది అనడమే కదా అంది. వద్దంటే మానేసేదాన్ని కదా అంది డల్సీ. అదే కదా చెబుతున్నది, అనలేకపోయానని, నీకు చెవులున్నాయా లేవా అంది జార్జీనా.

అప్పుడు డల్సీకి కూడా కోపం వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"మరి నువ్వు? ఒక్కో మ్యాపుకు ఎన్నెన్ని రోజులు కూర్చునేదాన్నో తెలుసా? ప్రతిసారీ బాగుంది డల్సీ, చాలా బాగుంది డల్సీ అనేదానివి. ఆరేళ్లు నాతో అబద్ధాలాడావు."

జార్జీనా కర్ర ఆగింది.

"అవును, ఆడాను," అంది. "అయినా నువ్వు దొంగవే."

"నువ్వు అబద్ధాలకోరువే."

ఏటవాలు దారి వచ్చింది. అక్కడ నీడలో మంచు గడ్డకట్టి ఉంటుంది. డల్సీ చేయి అలవాటుగా ఆమె మోచేతి దగ్గరికి వెళ్లింది. అడిగితే పట్టుకో అంది జార్జీనా. డల్సీ చేయి వెనక్కి తీసుకొని, నీ పక్కన నడవను పో అని రోడ్డు అవతలి అంచుకు వెళ్లింది. జార్జీనా కర్రతో మంచును పొడిచి చూసుకుంటూ ఇవతలి అంచున దిగింది. ఇద్దరూ రోడ్డుకు చెరోవైపు నడుస్తూ, గాలికి మాట అందదని గొంతులు పెంచి తిట్టుకున్నారు. అయిదో తరగతి సంగతులు, ఆరో తరగతి సంగతులు, ఒకరికొకరు ఎప్పుడూ చెప్పనివన్నీ వచ్చాయి. మధ్యలో వెళ్తున్న లారీ ఆపి, ఏంటర్రా మీ ఇళ్లలో ఎవరైనా పోయారా అని డ్రైవరు అడిగాడు. నీ దారిన నువ్వు పో మామా అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

తమ ఇంటి గేటు దగ్గర జార్జీనా, రేపు నీతో మాట్లాడను అంది. నేను మాత్రం మాట్లాడతానా అంది డల్సీ. జార్జీనా లోపలికి వెళ్లి తలుపు ధడాలున వేసుకుంది.

డల్సీ కంచె పట్టుకొని నిలబడింది. ఇంటికి వెళ్లాలి, చీటీ చూపించాలి. గొంతు బొంగురుపోయింది. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. బూటుతో మంచు పెళ్లను ఒకదాన్ని పక్కకు నెట్టింది.

తలుపు తెరుచుకుంది. బూట్లు విప్పేసి, ఒట్టి మేజోళ్లతో జార్జీనా గుమ్మంలోకి వచ్చింది.

"డల్సీ, ఉన్నావా? ఇంకోటి మర్చిపోయాను."

డల్సీ సంచి నేల మీద పెట్టింది.

"ఉన్నా. చెప్పు."